ఐదో నంబరూ, మెర్ల్ ఇంటి వెనక గదులూ

మెల్‌బోర్న్ పడమటి శివారు ఆల్టోనాలో, రైలు పట్టాలకు ఇవతల, ఉప్పుగాలికి రంగు పెచ్చులూడే చెక్క ఇల్లు మెర్ల్ ప్రౌస్‌ది. వెనకవైపు రెండు గదులు. సొంత పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళిపోయాక ఆ గదుల్లో ఏళ్ళ తరబడి ఊరివాళ్ళ పిల్లలు పడుకున్నారు. ఏ ఊరివాళ్ళని అడక్కండి. దేశంలో ఏ మూలనుంచైనా సరే, పెలికన్స్ ఫుట్‌బాల్ క్లబ్బు ఎంచుకుని తెచ్చిన కుర్రాడైతే చాలు, సంచీ పట్టుకుని ఆ గుమ్మంలో నిలబడేవాడు. అలా నిలబడ్డవాళ్ళలో నేనొకణ్ణి.

నా పేరు డొమినిక్ యెరార్డి, ఆ ఇంట్లో డామ్. వేరే దేశంనుంచి వలస వచ్చి మిల్డూరాలో స్థిరపడ్డ ద్రాక్షతోటల వాళ్ళం. నన్ను యాభై ఎనిమిదో నంబరు మీద తీసుకున్నారు. ఏటా నవంబరులో జరిగేది అదే, డ్రాఫ్టు అంటారు. పద్దెనిమిది నిండిన కుర్రాళ్ళందరూ ఒక జాబితాలో ఉంటారు. ఆ ఏడు అట్టడుగున పడ్డ జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. ఆ వంతుకు ఒక నంబరు. కుర్రాడికి అడిగే హక్కు లేదు. ఎవరు పిలిస్తే వాళ్ళ చొక్కా తొడుక్కోవాలి, ఏ ఊరంటే ఆ ఊరు పోవాలి. అంతకు నెల ముందు, అక్టోబరులో, క్లబ్బులు ఆ నంబర్లనే ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకుంటాయి. ఇంకా ఎవరో తెలియని పిల్లాడి వంతు ఇచ్చేసి, బాగా తెలిసిన మొనగాణ్ణి తెచ్చుకోవచ్చు. లేదా మొనగాణ్ణి వదులుకుని పిల్లల్ని పోగేసుకోవచ్చు. ఉంచుకోవాలా, మార్చుకోవాలా అన్నది మా శివారులో ప్రభుత్వాలు పడిపోయేంత పెద్ద తగువు. పబ్బులో, రేడియోలో, మాంసం కొట్టు దగ్గర అక్టోబరు పొడుగునా నంబర్లే. నంబరు వినగానే దుప్పట్లు సరిపోతాయా అని ఆలోచించే మనిషి నాకు తెలిసి మెర్ల్ ఒక్కతే.

ఆవిడ వాంథాగి బొగ్గుగనుల ఊళ్ళో పుట్టింది. తండ్రి గని కార్మికుడు. పదిహేనో ఏట బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనికొచ్చి, అక్కడే తల నెరిసింది. చాలాకాలం ఆడ కార్మికుల తరఫున యూనియన్ ప్రతినిధి. మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చేసరికి గడియారం చూసుకుని నిలబడే సూపర్‌వైజర్ చేత ఆ అలవాటు మాన్పించిన ఘనత ఆవిడదని, ఇప్పటికీ ఆ వీధిలో పెద్దవయసు ఆడవాళ్ళు చెబుతారు. ఎలా మాన్పించావని ఓసారి అడిగాను.

"ఏం చెయ్యలేదు. వాడి ఆఫీసులోకి వెళ్ళి కూర్చున్నాను. వాడేదో అడిగాడు. నేను అల్లుకుంటూ కూర్చున్నాను. వాడే మాట్లాడాడు, వాడే సంజాయిషీ చెప్పుకున్నాడు, చివరికి వాడే ఒప్పుకున్నాడు. యజమానులకి మనం అరిస్తే భయం లేదు డామ్. ఊరుకుంటేనే ఒళ్ళు దురద."

ఆవిడ భర్త లెన్. రేవులో ఉన్ని మూటలు మోసి మోసి నడుం పట్టేసిన మనిషి. గుండెకు ఒకసారి కోత పడింది. ఆయన పుట్టాక పెలికన్స్ కప్పు గెలిచింది ఒకే ఒక్కసారి. అప్పుడాయన తల్లి చంకలో ఉన్నాడు. ఇక మీకు ఆయన సంగతి అర్థమైపోయి ఉంటుంది.

నేనక్కడ చేరిన మొదటి చలికాలం గురించి ఎక్కువ చెప్పను. రాత్రి భోజనాల దగ్గర నాకు మాట పెగిలేది కాదు. మా అమ్మ చేతి వంకాయ పచ్చడి గుర్తొచ్చి కంచం పక్కకు జరిపేవాణ్ణి. మెర్ల్ ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఓ శనివారం మిల్డూరాకు ఫోన్ చేసి, ఇంగ్లీషు సరిగా రాని మా అమ్మ దగ్గర అరగంట సేపు తంటాలు పడి, వంకాయ ఎలా ఊరబెట్టాలో కనుక్కుంది. చేసింది కూడా. పరమ దరిద్రంగా వచ్చింది. నేనూ లెనూ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వాం. ఆ రోజునుంచి ఆ ఇంట్లో నాకు అన్నం సహించింది.

రెండేళ్ళ తర్వాత పక్క గదిలోకి క్లెమ్ రివర్స్ వచ్చాడు.

కింబర్లీ వాడు. దేశం వాయవ్య కొసన, డెర్బీ దాటి ఇంకా ఎర్రమట్టి రోడ్డు మీద లోపలికి పోతే వచ్చే ఆదివాసీల పల్లె. తాత తెల్లవాళ్ళ పశువుల ఎస్టేటులో జీతం లేకుండా బతుకంతా గుర్రమెక్కి మందలు కాసినవాడు. ఆ సంగతి క్లెమ్ చెప్పలేదు. ఆదివారం ఆదివారం ఫోన్ చేసే వాళ్ళ అమ్మమ్మ ఎల్సీ మెర్ల్‌కి చెప్పింది. ఆ ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూడకుండానే స్నేహితులయ్యారు. వీడు మేజోళ్ళు వేసుకుంటున్నాడా, పళ్ళు తోముకుంటున్నాడా, కూరగాయలు తింటున్నాడా అన్న దగ్గర మొదలై, ప్రభుత్వాన్ని తిట్టడం దగ్గర ముగిసేది వాళ్ళ సంభాషణ.

మాది బంతిని చేత్తో కూడా పట్టి కాలితో తన్నే మా దేశపు ఫుట్‌బాల్; మైదానంలో క్లెమ్‌ని చూడాలి. బంతి ఎక్కడ పడబోతుందో దానికంటే ముందు అక్కడుండేవాడు. మైదానం బయట మాత్రం మాట లేదు. మొదట్లో క్లబ్బువాళ్ళు వీడికి చెవుడేమోనని పరీక్ష చేయించారు కూడా. చెవులు బంగారంలా ఉన్నాయి. అడిగినదానికి జవాబు వాడిలో తయారవడానికి టైము పట్టేది, అంతే. మనం తొందరపడి ఇంకో ప్రశ్న వేస్తే మొదటి జవాబు లోపలికి వెళ్ళిపోయేది. మెర్ల్ అది వారంలో పట్టేసింది. వాడితో ఏదైనా తేల్చుకోవాలంటే చేతిలో ఏదో ఒక పని పట్టుకుని పక్కన కూర్చునేది. పని అయ్యేలోపు మాట వచ్చేది. వాడు మొదటినుంచీ ఆవిణ్ణి ఆంటీ అన్నాడు. వాళ్ళ వైపు పెద్దావిణ్ణి అలా తప్ప పిలవరు. వాణ్ణి చూసి నేనూ ఆంటీ అనడం మొదలెట్టాను.

"నిన్నెవరు అనమన్నార్రా" అంది మెర్ల్, లోపల మురిసిపోతూ.

క్లెమ్ వచ్చిన రెండో ఏడు మా జట్టు నాశనమైపోయింది. కింద నుంచి ఐదోవాళ్ళం. అంటే నవంబరులో ఐదో నంబరు మాది. అక్టోబరు మొదటి వారానికే రేడియోలో ఒకటే పాట. పెర్త్ నగరంలోని ఒక క్లబ్బులో బ్రోడీ హాస్కెల్ అని గోల్స్ వీరుడున్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. ఆ క్లబ్బు వాణ్ణి వదలడానికి సిద్ధం, మా ఐదో నంబరు ఇస్తే.

"ఇచ్చెయ్యాలి" అన్నాడు లెన్, టోస్టు మీద నల్లగా ఉప్పగా ఉండే వెజిమైట్ రాస్తూ. "ఐదో నంబరు ఎవడు? ఇంకా మీసాలు రాని వెధవ. వాడు ఎదిగేసరికి నేను మట్టిలో ఉంటాను."

"నువ్వు ఇరవై ఏళ్ళుగా మట్టిలోకి పోతూనే ఉన్నావు" అంది మెర్ల్. "ముందు ఆ ప్లేటు కడుగు."

"హాస్కెల్ ఏడాదికి అరవై గోల్స్ కొడతాడే."

"రెండేళ్ళు కొడతాడు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటాడు. అప్పటికి నీ హాస్కెలూ ఉండడు, పిల్లాడూ ఉండడు. పిల్లల్ని పెంచని క్లబ్బు ఏం క్లబ్బయ్యా? సంతా?"

"చూశావా డామ్, నేను చచ్చేలోపు ఒక్క కప్పు చూడకూడదట. పెళ్ళాం మాట ఇది."

మాంసం కొట్టు కాన్ కూడా లెన్ పార్టీయే. చాప్స్ తూస్తూ, "మీరు కొంచెం క్లబ్బువాళ్ళకి చెప్పండి మెర్ల్ గారూ, మీ మాట వింటారు. హాస్కెల్‌ని తెస్తే ఈ వీధంతా నెల రోజులు సాసేజీలు ఉచితం" అన్నాడు. ఆవిడ మాట క్లబ్బులో ఎవరు వింటారు? పిల్లలకు అన్నం పెట్టే మనిషిని ఎవరైనా పిల్లల గురించి సలహా అడుగుతారా? ఏ రంగం చూసినా అంతే కదా. ఎత్తి పెంచేవాళ్ళొకరు, బల్ల దగ్గర కూర్చుని లెక్క తేల్చేవాళ్ళొకరు.

ఈ తగువంతా సరదాగానే సాగింది, సోమవారం వరకు.

ఆ సోమవారం క్లెమ్‌ని క్లబ్బుకు రమ్మన్నారు. మధ్యాహ్నం తిరిగొచ్చాడు. బూట్లు విప్పి వరండాలో పెట్టి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను నడుం దెబ్బతో ఆ నెలంతా ఇంట్లోనే ఉన్నాను. సాయంత్రం నాలుగింటికి వంటింట్లో రేడియో పెట్టుకుని లెన్ టీ తాగుతున్నాడు. చెప్పాడు ఆ రేడియో ఆయన, గెలుపు గుర్రం దొరికినంత సంబరంగా: బ్రోడీ హాస్కెల్ పెలికన్స్‌కి వస్తున్నాడు, బదులుగా ఐదో నంబరూ, దానితోపాటు క్లెమ్ రివర్సూ. పెర్త్ క్లబ్బు అదనంగా ఒక కుర్రాణ్ణి అడిగిందట. పడమటి రాష్ట్రం పిల్లాడు కనుక ఇంటికి దగ్గరవుతాడు, క్లెమ్ కూడా సంతోషంగా ఒప్పుకున్నాడు, శుక్రవారం మధ్యాహ్నం రెండింటి గడువులోపు సంతకాలు.

లెన్ చెయ్యి ముందు శబ్దం పెంచడానికి వెళ్ళింది. మధ్యలో ఆగింది. రేడియో కట్టేశాడు.

"అదేంటే" అన్నాడు. "మన క్లెమ్‌ని కూడా అడిగారని ఎవరూ అనలేదే?"

మెర్ల్ లేచి బుట్ట అందుకుంది. పెరట్లోంచి బుట్టెడు చిక్కుడు కాయలు కోసుకొచ్చింది. క్లెమ్ తలుపు మీద వేలితో కొట్టి, "నాయనా, వీటిని ఒలవాలి. చేతులు ఖాళీగా ఉంటే రా" అని మాత్రం అని, వచ్చి కూర్చుంది.

వాడొచ్చాడు. ముగ్గురం ఒలిచాం. లెన్ పేపరు అడ్డం పెట్టుకుని అదే పేజీ చూస్తున్నాడు. బుట్ట సగమైంది. నాకు నోరు దురద పెడుతోంది, ఏదో అడగబోయాను. మెర్ల్ బల్ల కింద నా కాలు తొక్కింది. చెప్పుతో.

"పెర్త్‌కి నేను రెండుసార్లు వెళ్ళాను ఆంటీ" అన్నాడు క్లెమ్ చివరికి. "ఒకసారి పన్ను పీకించుకోవడానికి. ఒకసారి ఈ డ్రాఫ్టు పరీక్షలకి."

మెర్ల్ ఒలుస్తూనే ఉంది.

"వాళ్ళు ఇంటికెళ్తావు ఇంటికెళ్తావు అంటారు. మా ఊరినుంచి పెర్త్‌కి బస్సులో రెండు రోజులు. అక్కడ నాకెవరూ తెలీదు. ఇక్కడైతే మీరున్నారు, ఈ డామ్ గాడున్నాడు. నేను నేర్చుకునే వెల్డింగు క్లాసులో వియత్నాం వాడొకడున్నాడు, నాకంటే తక్కువ మాట్లాడతాడు. అక్కడికెళ్తే మళ్ళీ మొదటినుంచి సిగ్గుపడాలి."

లెన్ పేపరు వెనక దగ్గాడు.

"మరి ఒప్పుకున్నావంటున్నార్రా?" అన్నాను, కాలు దూరంగా జరుపుకుని.

"ఆఁ అన్నాను. నలుగురు నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళు. కోచ్ కూడా. అందరూ నవ్వుతున్నారు. పెద్దవాళ్ళ మొహాన కాదని ఎలా అంటాం?" వాడు గింజలు చేత్తో సర్దాడు. "నా పని ఇక్కడ అవలేదు ఆంటీ. ఈ చొక్కాతో నేనింకా సరిగ్గా ఆడనే లేదు. అమ్మమ్మ వచ్చి చూడాలి."

అదీ సంగతి. అందరూ కలిసి చేసిన తప్పు అది. అందులో దుర్మార్గులు కూడా లేరు. క్లబ్బుల్లో ఒక లెక్క ఉంది: పడమటి పిల్లాడు ఎప్పటికైనా పడమటికి పోతానంటాడు, అందుకని వాడు అడక్కముందే మంచి ధరకు మార్చేసుకోవడం తెలివి. ఆ పడమటి రాష్ట్రంలో ఎన్ని దేశాలు పడతాయో, పెర్త్ అద్దాల మేడలకూ కింబర్లీ ఎర్రమట్టికీ ఏం చుట్టరికమో ఎవరూ ఆలోచించరు. ఆలోచించాల్సిన అవసరం రాదు. నంబరుకు ఊరుండదు గదా. క్లెమ్ తాతలను కూడా ఇలాగే, ఒక పశువుల ఎస్టేటునుంచి ఇంకోదానికి, నీకిది మంచిదిరా అని చెప్పే పంపారు. ఇది నేను కోపంతో రాస్తున్న మాట. మెర్ల్ ఆ సాయంత్రం కోప్పడలేదు. చేతులు కడుక్కుని ఫోన్ దగ్గరికి వెళ్ళింది.

క్లబ్బులో ఆటగాళ్ళ ఇచ్చిపుచ్చుకోవడాలు చూసే మనిషి గ్రాంట్ ఓక్‌షాట్. నలభై దాటినవాడు, ఎప్పుడూ రెండు ఫోన్లు.

"బాబూ గ్రాంట్, నేను మెర్ల్‌ని. రేపు ఉదయం క్లెమ్‌తో కలిసి వస్తున్నాను."

అవతల ఏదో అన్నాడు. ఆయన గొంతు పెద్దది కాబట్టి మా అందరికీ వినబడింది. "మెర్ల్ గారూ, ఇది ఫుట్‌బాల్ విషయమండీ."

"ఫ్యాక్టరీలోనూ వాళ్ళు ఇది బిస్కెట్ల విషయం అనేవాళ్ళు నాయనా. పదింటికి వస్తాం. కుర్చీలు వేయించు. అందరూ కూర్చోవాలి, నువ్వు కూడా."

మర్నాడు నేనూ వెళ్ళాను, కారు నేనే నడిపాను కనుక. గదిలో ఓక్‌షాట్, కోచ్ వేన్ టిబెట్, క్లబ్బు అధ్యక్షుడు. అధ్యక్షుడి పేరు చెప్పి ఆయన్ని బాధపెట్టను, మంచివాడే. మెర్ల్ సంచీలోంచి అల్లిక తీసి క్లెమ్ పక్కన కూర్చుంది. నేను గోడవారన నిలబడబోతే కూర్చోమని కళ్ళతో గద్దించింది.

ఓక్‌షాట్ మొదలెట్టాడు. హాస్కెల్ ఎంత అవసరమో చెప్పాడు. పెర్త్‌లో క్లెమ్‌కి ఎంత బాగుంటుందో చెప్పాడు. ఎండ, బీచి, సొంత మనుషులు. "నిజాయితీగా చెప్పు క్లెమ్, నీకు వెళ్ళాలనే ఉంది కదా?" అన్నాడు.

క్లెమ్ తన చేతుల వంక చూసుకున్నాడు.

"అంటే, నీకు మొహమాటంగా ఉందేమో. మేమేం అనుకోం. నువ్వు సోమవారమే ఒప్పుకున్నావు గదా, అందుకని మేము అవతలివాళ్ళకి..."

"ఆగు బాబూ" అంది మెర్ల్, అల్లిక మీంచి తలెత్తకుండా. "ఒక ప్రశ్న వేశావు. దానికి జవాబు దారిలో ఉంది. రానీ."

ఓక్‌షాట్ ఆగాడు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. కోచ్ టిబెట్ కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. బయట గడ్డి కోసే యంత్రం ఒక చివరికి వెళ్ళి, తిరిగి వచ్చింది. ఓక్‌షాట్ ఫోన్ మోగింది. మెర్ల్ ఆయన వైపు చూసింది. ఆయన దాన్ని బోర్లా పెట్టాడు. నా జీవితంలో అంత పొడుగాటి మౌనం చర్చిలో కూడా చూడలేదు. నాకే ఏదో ఒకటి వాగేయాలనిపించింది. క్లెమ్‌కి మాత్రం అందులో హాయిగా ఉన్నట్టుంది. వాడి భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"లేదు సార్" అన్నాడు. "నేను ఉంటాను."

ఓక్‌షాట్ ముందుకు వంగాడు. "మరి సోమవారం ఆఁ అన్నావు?"

"మీరందరూ నిలబడి ఉన్నారు సార్. ఆఁ అంటే కూర్చుంటారనుకున్నాను."

కోచ్ టిబెట్ ముందు నవ్వాడు. ఆ నవ్వు ముక్కులోంచి వచ్చింది, ఆపుకోలేక. తర్వాత మొహం తుడుచుకుని, క్లెమ్ వైపు తిరిగి, "తప్పు మాది క్లెమ్. నిన్ను నేనొక్కణ్ణే పిలిచి అడగాల్సింది" అన్నాడు. కోచ్‌లు అలా అనడం మామూలుగా జరగదు. అందుకే రాస్తున్నాను.

ఆటగాడు సంతకం పెట్టనిదే మార్పిడి లేదు. అది మా ఆటగాళ్ళ సంఘం పోరాడి తెచ్చుకున్న నిబంధన. కానీ సంతకం పెట్టే చేతి పక్కన ఎవరూ లేకపోతే ఆ నిబంధన ఎందుకు పనికొస్తుంది? ఆ గదిలో అర్థమైంది నాకు. ఆట మానేశాక నేను ఆటగాళ్ళ సంఘంలో పనికి చేరడానికి కారణం ఆ ఉదయమే.

అధ్యక్షుడు వెళ్ళిపోయాక ఓక్‌షాట్ అక్కడే కూర్చుండిపోయాడు. ముఖం వాడిపోయింది.

"మెర్ల్ గారూ, వచ్చే ఏడు కూడా ఓడితే నా ఉద్యోగం పోతుంది. అది మీకెవరూ చెప్పి ఉండరు."

మెర్ల్ అల్లిక సంచీలో పెట్టింది. "పోనివ్వం. అంతదాకా వస్తే నాకు కబురు చెయ్యి, నీ తరఫునా వచ్చి కూర్చుంటాను."

ఆయన అది హాస్యమనుకున్నాడు. కాదు. ఏడాదిన్నర తర్వాత సభ్యుల వార్షిక సమావేశంలో ఆయన్ని పీకేయాలని తీర్మానం వచ్చినప్పుడు, లేచి నిలబడి ఆయన తరఫున మాట్లాడిన ఒకే ఒక్క సభ్యురాలు మెర్ల్. ఉద్యోగం నిలవలేదు. ఆయన మాత్రం ఇప్పటికీ క్రిస్మస్‌కి ఆవిడ పెరట్లో గడ్డి కోసి వెళ్తాడు.

పెర్త్ క్లబ్బు ఒక్క ఐదో నంబరుకే హాస్కెల్‌ని ఇవ్వనంది. మూడు రోజులు బేరాలు నడిచాయి. శుక్రవారం మధ్యాహ్నం రేడియో చుట్టూ మేమందరం కూర్చున్నాం. గంట రెండు కొట్టింది. ఏమీ జరగలేదు. హాస్కెల్ పెర్త్‌లోనే ఉండిపోయాడు, ఐదో నంబరు మా దగ్గరే ఉండిపోయింది, క్లెమ్ మా ఎదురుగా రొట్టె మీద జాము రాసుకుంటున్నాడు.

లెన్ రేడియో వైపే చూస్తూ, "అరవై గోల్స్" అన్నాడు. తర్వాత క్లెమ్ వైపు చూసి, "ఆ జాము నాక్కూడా ఇలా తోయరా" అన్నాడు.

మరుసటి ఏడు హాస్కెల్ అరవై కాదు, డెబ్భై పైన కొట్టాడు. ఆ మాట లెన్ బతికినన్నాళ్ళూ కనీసం వారానికోసారి గుర్తు చేశాడు. ఉంచుకోవడమే గెలిపిస్తుందని నేను బుకాయించను. మేము పదో స్థానంలో నిలిచాం. ఆ తర్వాతి ఏడు తొమ్మిదో స్థానం. లెన్ కప్పు చూడకుండానే పోయాడు. ఆయన శవపేటిక మోసిన ఆరుగురిలో నలుగురం ఆ వెనక గదుల్లో పడుకున్నవాళ్ళమే. ముందు కుడివైపు క్లెమ్. కాన్ ఆ రోజు కొట్టు మూసి వచ్చాడు. హాస్కెల్ గురించి ఎవరూ ఎత్తలేదు, కాన్ తప్ప. కాన్ ఎత్తితే మెర్ల్ కూడా నవ్వింది.

క్లెమ్ ఆ చొక్కాతో ఇంకా ఆరు సీజన్లు ఆడాడు. ఎల్సీ అమ్మమ్మ వచ్చి చూసింది. మెర్ల్ గదిలోనే పడుకుంది, ఇద్దరూ తెల్లవార్లూ మాట్లాడుకున్నారు, ఆట మధ్యలో ఇద్దరూ కునికారు. తర్వాత ఒక సాయంత్రం క్లెమ్ వంటింట్లోకి వచ్చి, ఎవరూ అడక్కుండానే, "ఆంటీ, ఇంక ఇంటికి వెళ్తాను" అన్నాడు. "ఎప్పుడు నాయనా?" అంది మెర్ల్. అంతే. వెల్డింగు పనిముట్లతో వెళ్ళాడు. పెర్త్‌కి కాదు. వాళ్ళ ఊరికి.

నేను కృతజ్ఞుణ్ణి. ఆ మాట ఎలా చెబితే సరిపోతుందో తెలియక ఇంత రాశాను. ఆవిడకిప్పుడు ఎనభై నాలుగు. ఆవిడ గురించి పేపర్లో ఎప్పుడూ రాలేదు. క్లబ్బు గోడ మీద కప్పుల ఫొటోలున్నాయి, ఆవిడ ఫొటో లేదు. అడిగితే, "అక్కడ పెట్టి ఏం చేస్తార్రా, ఇక్కడ పెట్టుకుంటే మీరొచ్చి చూస్తారు" అంటుంది.

ఆ ఐదో నంబరు సంగతి చెప్పి ముగిస్తాను.

ఆ ఏడే నవంబరు చివరి ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. ఫెర్గస్ లాడర్, టాస్మేనియా ఉత్తర తీరంనుంచి, తలుపు చట్రం తగలకుండా తల వంచి లోపలికి రావాల్సినంత పొడవు. వెనకే వాళ్ళమ్మ. కారుతో సహా ఓడ దిగి నేరుగా వచ్చారు. ఆమె చేతిలో అట్టపెట్టె నిండా బంగాళాదుంపలు, సొంత పొలంవి. క్లెమ్ వాడి సంచీలందుకుని తన గదిలోనే ఖాళీ మంచం పక్కన పెట్టాడు. మంచం చూసి, మళ్ళీ వాణ్ణి చూసి, మంచం చివర ఒక బల్ల చేర్చాడు, కాళ్ళు పెట్టుకోవడానికి. లెన్ అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు. కుర్రాణ్ణి కిందినుంచి పైదాకా చూసి, "వీడు ఒక్కడే ఇద్దరి పెట్టు ఉన్నాడే. మనమే లాభపడ్డామేమో" అన్నాడు.

టీ తాగడం అయిపోయింది. కేకు అయిపోయింది. తల్లి మాత్రం లేవలేదు. కారు తాళాలు చేతిలో తిప్పుతూ గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ నిలబడిపోయింది. ఆమె అక్టోబరులో రేడియో వినే ఉంటుంది. దేశంలో ఆ వయసు కొడుకులున్న తల్లులందరూ వింటారు.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి" అంది మెర్ల్‌తో. "మా వాణ్ణి ఎన్నాళ్ళు ఉంచుకుంటారు? రెండేళ్ళకి ఎవరికో ఇచ్చెయ్యరు గదా?"

మెర్ల్ దగ్గరికి వెళ్ళింది. ఆమె చేతిలోని తాళాలు తీసుకుని గూట్లో పెట్టింది, ఆ పూటకి ఎక్కడికీ పోనవసరం లేదన్నట్టు.

"క్లబ్బు సంగతి నేను చెప్పలేనమ్మా. అక్కడ వాళ్ళు ఏ ఏటికాయేడు లెక్క తేల్చుకుంటారు. ఈ ఇంట్లో మాత్రం, వెళ్తానని వాడు తన నోటితో చెప్పేదాకా. చెప్పడానికి ఎంతసేపు పట్టినా సరే."

వెనక గదిలో ఏదో విరిగిన చప్పుడైంది. క్లెమ్ చేర్చిన బల్ల. ఇద్దరు కుర్రాళ్ళూ నవ్వుతున్నారు, ఒకరి గొంతు నాకు తెలుసు, ఇంకొకరిది అప్పుడే మొదటిసారి విన్నాను. వాళ్ళమ్మ ఆ నవ్వు విని, మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చుంది.